ఎకోలేబుల్ ఉన్న గాఢ క్లీనర్: నీటికి పూర్తి మేలు, చేతులకు సగం మేలు

స్థానిక సంస్థలు తమ కార్యాలయాలను, ఆసుపత్రులను, బడులను, గ్రంథాలయాలను, ప్రజా మరుగుదొడ్లను కడిగించడానికి ఏటా కొనే ద్రవాలు బడ్జెట్ పుస్తకంలో ఒక చిన్న పద్దుగానే కనిపిస్తాయి. రోడ్లు, పైపులైన్లు, వీధి దీపాల పద్దుల పక్కన దాని మీద ఎవరి చూపూ నిలవదు. అయినా పర్యావరణానికి మేలు చేసే కొనుగోలు, మహిళలకు న్యాయం చేసే కొనుగోలు అనే రెండు లక్ష్యాలు ఇంత దగ్గరగా కలిసే చోటు మరొకటి నాకు కనిపించలేదు. డబ్బాలోని రసాయనం చివరకు మురుగు కాలువ గుండా చెరువులోకో నదిలోకో చేరుతుంది. అంతకంటే ముందు అది దాన్ని వాడే మనిషి చేతులను తాకుతుంది, ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. ఆ మనిషి ప్రపంచంలో చాలాచోట్ల స్త్రీయే. ఆ డబ్బాను ఎంపిక చేసే సమావేశంలో మాత్రం ఆమెకు కుర్చీ ఉండదు.

ఈ సమీక్షకు తీసుకున్న సరుకు ఎకోలేబుల్ (పర్యావరణ ముద్ర) పొందిన, నీటిలో కలిపి వాడే గాఢ నేల క్లీనర్. ఒక స్థానిక సంస్థ కొనుగోలు కమిటీలో సభ్యురాలిగా దీన్ని టెండరు దశ నుంచి వాడకం దశ దాకా దగ్గరగా చూసే అవకాశం నాకు కలిగింది. తయారీ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి సరుకును అనేక సంస్థలు తయారు చేస్తున్నాయి, నేను చెప్పబోయే మంచీ చెడూ ఈ తరగతి సరుకు అంతటికీ చాలావరకు వర్తిస్తాయి. నా అభిప్రాయం మొదటే చెబుతాను: ఈ సరుకు కొనదగినదే, కానీ డబ్బా మీది ముద్రను మాత్రమే నమ్ముకుని కొనకూడదు.

ముందుగా వస్తువు సంగతి. ద్రవం లేత పసుపు రంగులో, కాస్త చిక్కగా ఉంటుంది; వాసన దాదాపు లేదు. లీటరు నీటికి పది మిల్లీలీటర్లు కలపాలని తయారీదారు సూచన. అంటే ఎనిమిది లీటర్ల బకెట్టుకు ఎనభై మిల్లీలీటర్లు చాలు. టైల్స్ పరిచిన నడవాల్లో, గచ్చు గదుల్లో, చెప్పుల మురికి గట్టిగా పట్టిన గుమ్మాల దగ్గర అది చక్కగా పనిచేసింది. మాపును ఒకసారి తడిపి పిండి తుడిస్తే నేల జిడ్డుగా మిగలదు, రెండోసారి మంచినీళ్లతో తుడవాల్సిన అవసరమూ చాలాచోట్ల రాలేదు. ఇది చిన్న లాభం కాదు. రెండోసారి తుడవడం తప్పిందంటే అన్ని బకెట్ల నీరూ మిగిలినట్లే, వంగి లేచే శ్రమలో సగం తగ్గినట్లే. వంటగది జిడ్డు మీద కొంచెం సేపు నాననివ్వాల్సి వచ్చింది. మరుగుదొడ్లలో గట్టిపడిన సున్నపు పొరను మాత్రం ఇది వదిలించదు, వదిలిస్తుందని డబ్బా మీద కూడా రాయలేదు. దానికి సిట్రిక్ ఆమ్లం వంటి తేలికపాటి ఆమ్లంతో తయారైన వేరే సరుకు తప్పనిసరి. ఒకే డబ్బాతో అన్ని పనులూ అయిపోతాయని ఆశించి కొంటే, మిగిలిన పనికి కార్మికులు ఘాటైన యాసిడ్‌ను మళ్లీ వెతుక్కోవలసి వస్తుంది.

వాసన లేకపోవడం, నురగ తక్కువగా రావడం వల్ల ఒక చిక్కు ఎదురైంది. ఘాటు వాసన వస్తేనే కడిగినట్లు లెక్క అనే అలవాటు పర్యవేక్షకుల్లో బలంగా ఉంది. గది నుంచి వాసన రాకపోయేసరికి పని జరగలేదని కార్మికురాలిని ప్రశ్నించడం, ఆమె ఆ మాట పడలేక మరుసటి రోజు రెట్టింపు ద్రవం పోయడం జరిగింది. మాట పడినది ఆమె, అదనంగా రసాయనం పీల్చినదీ ఆమే. తయారీదారు తన సూచనల పత్రాన్ని పర్యవేక్షకుల కోసం కూడా రాయాలి. వాసన లేకపోవడం ఈ సరుకు గుణమే తప్ప లోపం కాదని, శుభ్రతను కంటితో, తెల్లటి గుడ్డతో పరీక్షించాలని అందులో స్పష్టంగా ఉండాలి. మాకు అందిన పత్రంలో ఆ మాట లేదు.

ఇక ముద్ర సంగతి. పర్యావరణ ముద్రల్లో తొలిదైన బ్లూ ఏంజెల్ 1978లో జర్మనీలో మొదలైంది. 1989లో ఉత్తర ఐరోపా దేశాల నార్డిక్ స్వాన్, జపాన్ ఎకోమార్క్, 1991లో భారతదేశపు ఎకోమార్క్, 1992లో ఐరోపా సమాజపు ఎకోలేబుల్ వచ్చాయి. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్ఓ) వారి 14024 ప్రమాణం ఇలాంటి ముద్రలను మొదటి రకంగా గుర్తిస్తుంది: ప్రమాణాలను తయారీదారు కాక వేరొకరు నిర్ణయిస్తారు, సరుకు పుట్టుక నుంచి పారవేత దాకా పలు అంశాలను చూస్తారు, పరీక్షను మూడో పక్షం చేస్తుంది. దీనికి భిన్నంగా తయారీదారు తనంతట తానే వేసుకునే ఆకు బొమ్మలు, ప్రకృతి సహజం, పర్యావరణ హితం వంటి మాటలు స్వయం ప్రకటనలు మాత్రమే. వాటికి ఐఎస్ఓ 14021 అనే వేరే ప్రమాణం ఉంది. కొనుగోలు అధికారి బల్ల మీదకు వచ్చే నమూనాల్లో ఈ రెండు రకాలూ కలిసిపోయి ఉంటాయి. పచ్చ రంగు డబ్బాను చూసి ఒకే గాటన కట్టే ప్రమాదం ఉంది గనుక, ముద్ర కింద లైసెన్సు సంఖ్య ఉందా, ఆ సంఖ్య జారీ చేసిన సంస్థ జాబితాలో కనిపిస్తోందా అని చూడడం కనీస జాగ్రత్త. మేము పరీక్షించిన సరుకు ఈ విషయంలో నిజాయతీగానే ఉంది.

నీటి విషయంలో ఈ ముద్రకు నేను పూర్తి మార్కులు వేస్తాను. మురికిని వదిలించే సర్ఫాక్టెంట్లు నీటిలో ఎంత త్వరగా విచ్ఛిన్నమవుతాయో చూడడానికి ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) రూపొందించిన 301 అనే పరీక్షల వరస ఉంది. 28 రోజుల్లో కనీసం 60 శాతం పూర్తిగా విచ్ఛిన్నమైతేనే, అంటే కార్బన్ డయాక్సైడ్ దాకా విడిపోతేనే, ఆ పదార్థాన్ని సులభంగా జీవవిచ్ఛిన్నమయ్యేదిగా పరిగణిస్తారు. కొన్ని పరీక్షల్లో ఆ హద్దు 70 శాతం. ఐరోపా సమాఖ్య 2004 నాటి డిటర్జెంట్ల నియమావళిలో సర్ఫాక్టెంట్లకు ఈ తరహా కొలతనే తప్పనిసరి చేసింది. నోనైల్ ఫినాల్ ఎథాక్సిలేట్ల కథ దీని అవసరాన్ని బాగా చూపిస్తుంది. చవకగా, బలంగా పనిచేస్తాయని దశాబ్దాల పాటు క్లీనర్లలో వాడిన ఈ పదార్థాలు నీటిలో పూర్తిగా విడిపోకుండా నోనైల్ ఫినాల్‌గా మిగులుతాయి. అది జలచరాలకు విషం, ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను అనుకరించే గుణం కూడా దానికి ఉంది. ఐరోపా సమాఖ్య 2003లో చేసిన నిర్ణయంతో 2005 జనవరి నుంచి శుభ్రపరిచే సరుకుల్లో వీటిని 0.1 శాతానికి మించి వాడడం ఆగిపోయింది. ఫాస్ఫేట్లు చెరువుల్లో నాచును పెంచి, అది కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్‌ను హరిస్తాయన్న సంగతి అందరికీ తెలిసినదే. మేము చూసిన సరుకులో ఈ రెండూ లేవు. మురుగు శుద్ధి కేంద్రాన్ని నడిపేది కూడా అదే స్థానిక సంస్థ గనుక, కొనేటప్పుడు మానుకున్న రసాయనం శుద్ధి చేసేటప్పుడు తగ్గిన భారమవుతుంది.

మనిషి విషయానికి వస్తే ముద్ర ఇచ్చే భరోసా అంత నిండుగా లేదు, ఈ సమీక్షలో నేను ఎక్కువ సేపు నిలవదలచుకున్నది ఇక్కడే. 2018లో నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఐరోపా శ్వాసకోశ ఆరోగ్య సర్వేలోని 6,235 మంది వివరాలను ఇరవై ఏళ్ల కాలం మీద పరిశీలించి ఒక అధ్యయనం ప్రచురించారు. ఊపిరి పీల్చి ఒక సెకనులో బలంగా వదలగల గాలి పరిమాణం వయసుతో పాటు ఎవరికైనా తగ్గుతుంది. శుభ్రం చేసే పని చేయని స్త్రీలతో పోలిస్తే ఇంట్లో ఆ పని చేసే స్త్రీలలో అది ఏటా 3.6 మిల్లీలీటర్లు, ఆ పనే వృత్తిగా ఉన్న స్త్రీలలో 3.9 మిల్లీలీటర్లు అదనంగా తగ్గుతున్నట్లు ఆ అధ్యయనం తేల్చింది. పురుషులలో ఇలాంటి తేడా స్పష్టంగా కనిపించలేదు. అయితే ఆ సర్వేలో శుభ్రం చేసే వృత్తిలో ఉన్న పురుషులు చాలా తక్కువ మంది కాబట్టి దాన్ని బట్టి వారికి ముప్పు లేదని అనుకోకూడదు. ఏటా మూడు నాలుగు మిల్లీలీటర్లు చిన్న లెక్కగా కనిపించవచ్చు, కానీ ఒక ఉద్యోగ జీవితం మొత్తం మీద అది కూడుతూ పోతుంది. పురుగుమందుల్ని, పొగ గొట్టాల్ని కాలుష్యంగా గుర్తించే స్థానిక సంస్థ, తాను స్వయంగా కొని తన కార్మికురాలి చేతికిచ్చే ద్రవాన్ని కూడా అదే దృష్టితో చూడాలి.

ఈ లెక్కలో మా సరుకు ఎక్కడ నిలుస్తుంది? పరిమళ ద్రవ్యాలు లేకపోవడం మంచి గుణం, ఎందుకంటే అలర్జీ తెచ్చే పదార్థాలు చాలావరకు వాటి ముసుగులోనే వస్తాయి. బ్లీచ్ లేకపోవడం అంతకంటే పెద్ద మేలు. బ్లీచ్ యాసిడ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు, అమ్మోనియా ఉన్న సరుకుతో కలిస్తే క్లోరమైన్లు వెలువడతాయి. గాలి ఆడని చిన్న మరుగుదొడ్డి గదిలో ఇవి ప్రాణాంతకం కూడా కావచ్చు. ఇక లోపం: సరుకు పాడవకుండా కలిపిన నిల్వ పదార్థాల్లో ఐసోథయజోలినోన్ల తరగతికి చెందినది ఒకటి ఉంది. చర్మ అలర్జీలకు ఈ తరగతి పేరుపడింది. మోతాదు ముద్ర అనుమతించిన హద్దులోనే ఉంది, పలచన చేశాక ఇంకా తగ్గుతుంది. కానీ గాఢ ద్రవం చేతి మీద ఒలికిన ప్రతిసారీ చర్మానికి తగిలేది పలచని ద్రవం కాదు. రోజుకు రెండు గంటలకు మించి చేతులు తడిలో ఉండే పనిని చాలా వృత్తి ఆరోగ్య మార్గదర్శకాలు తడి పనిగా వర్గీకరించి, చర్మవ్యాధికి దారితీసే పనుల్లో చేరుస్తాయి. నేలలు తుడిచే కార్మికురాలు పని దినంలో ఆ హద్దును తొలి పూటలోనే దాటుతుంది, ఇంటికి వెళ్లాక గిన్నెలతో, బట్టలతో అదే తడి కొనసాగుతుంది. డబ్బా మీది హెచ్చరికలు ఒక్క షిఫ్టు తడిని లెక్కపెట్టి రాసినవి. ఒక మనిషి రెండు షిఫ్టుల తడిలో బతుకుతుందన్న ఊహ ప్రమాణాలు రాసేవారికి రావాలంటే ఆ బతుకు తెలిసినవారు అక్కడ ఉండాలి.

డబ్బా నిర్మాణంలో కూడా ఇదే లోటు కనిపించింది. ఐదు లీటర్ల డబ్బా నిండుగా ఉన్నప్పుడు ఐదు కిలోలకు పైనే తూగుతుంది. దాన్ని ఒక చేత్తో వంచి ఎనభై మిల్లీలీటర్లు కొలత మూతలోకి వంపడం ఎవరికైనా కష్టమే. పిడి వెడల్పుగా, పట్టుకోవడానికి పెద్ద అరచేయి కావలసినట్లు ఉండడం వల్ల చిన్న చేతులవారికి మరింత కష్టం. పరీక్షలో పాల్గొన్న ఒక కార్మికురాలు డబ్బాను మోకాలికి ఆనించి, రెండు చేతులతో వంచి, కొలత మూతను నేల మీద పెట్టి పోశారు. కొంత మూతలో పడింది, కొంత వేళ్ల మీద పడింది. పక్కనే ఉన్న మరొకరు మూతను వదిలేసి నేరుగా బకెట్టులోకి వంపారు. ఆ క్షణంలో పర్యావరణ లెక్కా ఆరోగ్య లెక్కా రెండూ తప్పాయి, ఎందుకంటే ముద్ర ఇచ్చిన హామీ అంతా లీటరుకు పది మిల్లీలీటర్లన్న మోతాదు మీదే నిలబడి ఉంది. అదే డబ్బాకు బిగించే ఒత్తుడు పంపును తయారీదారు విడిగా అమ్ముతున్నారు. ఒకసారి నొక్కితే ఇరవై మిల్లీలీటర్లు వస్తాయి, నాలుగు నొక్కులకు ఒక బకెట్టు. పంపు బిగించిన తర్వాత ఒలకడం దాదాపు ఆగిపోయింది, వాడకం కూడా సూచించిన మోతాదుకు దగ్గరగా వచ్చింది. దాన్ని అదనపు పరికరంగా కాక సరుకులో భాగంగానే ఇవ్వాలి.

చేతి తొడుగులు టెండరులో ఈ సరుకుతో పాటే వచ్చాయి, ఒకే పరిమాణంలో. పెద్ద తొడుగు చిన్న చేతిలో వదులుగా ఉంటే పట్టు జారుతుంది, అంచు నుంచి నీరు లోపలికి దిగుతుంది, తడి తొడుగు లోపల చర్మం మరింత నానుతుంది. అప్పుడు తొడుక్కోవడం కంటే తీసేయడమే మేలనిపిస్తుంది. తొడుగులు ఇచ్చినా వాడరు అని ఫైల్లో రాసే ముందు ఏ పరిమాణంవి ఇచ్చారో చూడాలి. అలాగే డబ్బా మీది సూచనలు, ప్రమాద చిహ్నాల వివరణ కార్మికులు చదవగలిగే భాషలో లేవు. పదహారు విభాగాల భద్రతా సమాచార పత్రం అడగ్గానే ఇచ్చారు, అందుకు తయారీదారుని మెచ్చుకోవాలి. కానీ అది స్టోరులోని ఫైల్లో ఉంటుంది, ద్రవం కంట్లో పడిన మనిషి మరుగుదొడ్డి గదిలో ఉంటుంది. మొదట ఏం చేయాలో చెప్పే బొమ్మల కాగితం ఒకటి గోడకు అంటించేలా ఇచ్చి ఉంటే ఎంతో మేలు జరిగేది.

ధర దగ్గర చాలా కమిటీలు ఆగిపోతాయి. డబ్బా ధరను డబ్బా ధరతో పోలిస్తే ఈ సరుకు ఖరీదైనదిగానే కనిపిస్తుంది. అయితే లీటరుకు పది మిల్లీలీటర్లు చాలినప్పుడు ఐదు లీటర్ల డబ్బా నుంచి ఐదు వందల లీటర్ల వాడుక ద్రవం వస్తుంది. లీటరుకు యాభై మిల్లీలీటర్లు కావలసిన సాధారణ ద్రవం అదే పరిమాణంలో వంద లీటర్లే ఇస్తుంది. కాబట్టి పోల్చవలసింది వాడుక లీటరు ధరను. రవాణా, ఖాళీ డబ్బాలు, నిల్వ చోటు, రెండోసారి తుడిచే నీరు, కార్మికుల సెలవులు కూడా కలిపితే జీవితకాల వ్యయం అనే లెక్క తేలుతుంది. ఐరోపా సమాఖ్య 2014 నాటి ప్రభుత్వ కొనుగోళ్ల ఆదేశం 67, 68 అధికరణాల్లో ఈ పద్ధతికి స్పష్టమైన చోటిచ్చింది. ఐఎస్ఓ 2017లో వెలువరించిన 20400 అనే సుస్థిర కొనుగోళ్ల మార్గదర్శకం కూడా కొనుగోలుదారులను ఇదే దిశగా నడిపిస్తుంది. ఆ మార్గదర్శకం పర్యావరణాన్ని, మానవ హక్కులను, శ్రమ పరిస్థితులను ఒకే చట్రంలో చూడమంటుంది గనుక మా వంటి కమిటీలకు అది బాగా ఉపయోగపడుతుంది. అది ధ్రువపత్రం ఇచ్చే ప్రమాణం కాదన్నది గుర్తుంచుకోవాలి, ఏ బిడ్డరైనా 20400 ధ్రువపత్రం ఉందని చెబితే అనుమానించాలి.

అతి తక్కువ ధరను కాదని మరో గుణాన్ని చూస్తే ఆడిట్‌లో చిక్కు వస్తుందన్న భయం అధికారుల్లో నిజంగా ఉంది, ఆ భయాన్ని తేలికగా తీసిపారేయను. అయితే ఈ తగాదా న్యాయస్థానాల్లో ఇంతకుముందే నడిచింది, రెండుసార్లూ స్థానిక ప్రభుత్వాల కొనుగోళ్ల మీదే. హెల్సింకీ నగరం బస్సు సర్వీసుల టెండరులో నైట్రోజన్ ఆక్సైడ్ ఉద్గారాలు, శబ్దం తక్కువగా ఉన్న బస్సులకు అదనపు మార్కులు కేటాయించగా, కాంట్రాక్టు దక్కని కాంకార్డియా అనే సంస్థ సవాలు చేసింది. కొంటున్న వస్తువుకు సంబంధం ఉండి, ముందుగానే టెండరులో ప్రకటించి, ఎవరిపట్లా వివక్ష చూపకుండా వాడితే పర్యావరణ కొలమానాలు చెల్లుతాయని ఐరోపా న్యాయస్థానం 2002 సెప్టెంబరు 17న తీర్పు చెప్పింది. రెండోది నెదర్లాండ్స్‌లోని నార్త్ హాలండ్ ప్రావిన్సు కాఫీ యంత్రాల కొనుగోలు. అక్కడ ఫలానా ముద్రలున్న సరుకే కావాలని రాశారు. 2012 మే 10న వచ్చిన తీర్పు ముద్ర పేరును నిబంధనగా పెట్టడం తప్పని, ఆ ముద్ర వెనుక ఉన్న ప్రమాణాలను వివరంగా రాసి వాటిని తీర్చే ఏ సరుకునైనా అంగీకరించాలని తేల్చింది. 2014 ఆదేశం తర్వాత ముద్రను నేరుగా అడిగే వీలు కొన్ని షరతులతో, సమానమైన ముద్రలను కూడా అంగీకరించాలన్న నియమంతో వచ్చింది. ఈ తీర్పులు ఐరోపాకే పరిమితమైనా, వాటిలోని తర్కం ఏ కొనుగోలు కమిటీకైనా పనికొస్తుంది. కార్మికురాలి చర్మానికి, ఊపిరికి సంబంధించిన కొలమానం కూడా కొంటున్న వస్తువుకు సంబంధించినదే. దాన్ని ముందుగా, కొలవగలిగేలా రాస్తే అది పక్షపాతం కాదు.

స్త్రీలకు పర్యావరణ స్పృహ సహజంగానే ఎక్కువ, కాబట్టి కమిటీలో స్త్రీలను పెడితే పచ్చని కొనుగోళ్లు వాటంతటవే జరుగుతాయన్న వాదన తరచూ వినిపిస్తుంది. అనేక దేశాల సర్వేల్లో పర్యావరణం పట్ల స్త్రీల ఆందోళన సగటున కొంత ఎక్కువగా కనిపించిన మాట నిజమే. కానీ ఆ వాదన స్త్రీల మీద మరో బాధ్యతను మోపుతుందే తప్ప అధికారాన్ని ఇవ్వదని నా అభిప్రాయం. ఆర్థికవేత్తలు రాఘవేంద్ర చటోపాధ్యాయ, ఎస్తేర్ డఫ్లో 2004లో ప్రచురించిన అధ్యయనం నాకు ఎక్కువ నమ్మదగినదిగా తోస్తుంది. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్‌లలోని 265 గ్రామ పంచాయతీలను పరిశీలించి, అధ్యక్ష పదవి స్త్రీలకు రిజర్వు అయిన చోట్ల తాగునీరు వంటి, స్త్రీలు ఎక్కువగా ఫిర్యాదు చేసే అవసరాల మీద పెట్టుబడి పెరిగిందని వారు చూపారు. అక్కడ ఫలితాన్ని మార్చినవి ప్రత్యక్ష అవసరం, నిర్ణయాధికారం ఒకే చోట కలవడం. 1992 రియో ప్రకటన ఇరవయ్యో సూత్రం కూడా పర్యావరణ నిర్వహణలో స్త్రీల పూర్తి భాగస్వామ్యం అవసరమనే చెప్పింది. పూర్తి భాగస్వామ్యం అంటే హాజరు పట్టికలో ఒక సంతకం కాదు. నేను స్త్రీనే అయినా కమిటీ గదిలో కూర్చున్నంత సేపు ఆ పిడి వెడల్పు నా కళ్లకు కనపడలేదు. నేల తుడిచే మనిషి డబ్బాను మోకాలికి ఆనించినప్పుడే కనపడింది.

అందుకే ఈ సరుకును పరీక్షించిన పద్ధతి గురించి కూడా చెప్పాలి. నమూనాలను పేర్లు కనపడకుండా చేసి, వేర్వేరు భవనాల్లో పనిచేసే కార్మికులకు ఇచ్చి, మురికి వదిలిన తీరు, వాసన, చేతుల మంట, నేల జారుడు, పోయడంలో సులువు మీద వారి చేతనే మార్కులు వేయించారు. రాయడం రానివారి మార్కులను బొమ్మల ద్వారా తీసుకున్నారు. కమిటీలోని వారంతా తళతళలాడే నేల ఇచ్చిన నమూనాను మెచ్చుకోగా, కార్మికులు దానికే తక్కువ మార్కులు వేశారు, ఎందుకంటే ఆ మెరుపు తడి ఆరేదాకా జారుడుగా ఉంటుంది. వారి మార్కులకు సాంకేతిక మూల్యాంకనంలో చోటివ్వకపోయి ఉంటే ఆ మెరుపే గెలిచేది. వియన్నా నగరం 1998 నుంచి నడుపుతున్న ఓకోకౌఫ్ అనే పర్యావరణ కొనుగోళ్ల కార్యక్రమం ఈ విషయంలో అనుసరించదగిన దారి చూపింది. క్రిమిసంహారక ద్రవాల్లోని పదార్థాలు నీటికే కాక వాడే మనుషులకు ఎంత హానికరమో పోల్చి చూసుకునేలా వైడెస్ అనే సమాచార నిధిని అక్కడ తయారు చేశారు. చిన్న స్థానిక సంస్థలకు అలాంటి నిపుణులు ఉండరు, నిజమే. ఇతరులు చేసి పెట్టిన పనిని వాడుకోవడానికి నిపుణులు అక్కర్లేదు.

సరఫరాదారు సేవ విషయంలో మిశ్రమ అనుభవం. సరుకు వేళకు వచ్చింది, ఖాళీ డబ్బాలను వెనక్కి తీసుకుని మళ్లీ నింపే ఏర్పాటు మాట ఇచ్చినట్లే నడిచింది. శిక్షణ మాత్రం స్టోరు కీపరుకు, పర్యవేక్షకులకు ఇచ్చి ముగించారు, అది కూడా కార్మికుల పని ముగిసి ఇంటికి పోయే వేళలో. పిల్లలను బడి నుంచి తీసుకురావలసినవారు ఆ వేళలో ఉండలేరు. శిక్షణను పని గంటల్లోనే, బకెట్టు పక్కన నిలబడి, పంపు నొక్కి చూపించి ఇవ్వాలని ఒప్పందంలోనే రాయాలి.

మరో సంగతి. ఇలాంటి ద్రవాలను చిన్న స్థాయిలో తయారు చేసే, నింపి సరఫరా చేసే సంస్థల్లో మహిళలు నడిపేవి కూడా ఉంటాయి. ప్రభుత్వ కొనుగోళ్లలో మహిళల యాజమాన్యంలోని సంస్థలకు దక్కేది ఒక శాతం దాకా మాత్రమేనన్నది ఐక్యరాజ్య సమితి సంస్థలు తరచూ ఉటంకించే అంచనా. స్థానిక సంస్థ తన మొత్తం అవసరాన్ని ఒకే పెద్ద ప్యాకేజీగా పిలిచి, భారీ టర్నోవరును అర్హతగా పెడితే ఆ ద్వారం వాటికి మూసుకుపోతుంది. భవనాల వారీగా ప్యాకేజీలు విడగొట్టి, బిల్లులు త్వరగా చెల్లిస్తే చాలావరకు తెరుచుకుంటుంది. పర్యావరణ ముద్రకు అయ్యే పరీక్షల ఖర్చు చిన్న సంస్థలకు భారం గనుక, ముద్రకు బదులు ప్రయోగశాల నివేదికలను రుజువుగా అంగీకరించడం ఇక్కడ ప్రత్యేకంగా అవసరం. ముద్రనే పట్టుబడితే పచ్చని నిబంధనే చిన్న మహిళా సంస్థను బయటికి నెట్టే పరిస్థితి వస్తుంది, ఆ రెండు లక్ష్యాలు ఒకదానికొకటి అడ్డుపడడానికి కారణం టెండరు రాసిన తీరే అవుతుంది.

కొనదలచిన కమిటీలకు నా సూచన ఇది. నేలలకు, బల్లలకు, గోడలకు ఈ గాఢ క్లీనర్‌ను నిశ్చింతగా కొనవచ్చు. పంపును, మూడు పరిమాణాల చేతి తొడుగులను, స్థానిక భాషలో బొమ్మల సూచనలను, పని గంటల్లో శిక్షణను ధరలో కలిపే అడగాలి. ఐసోథయజోలినోన్లు లేని రకం ఉందా అని రాతపూర్వకంగా అడగాలి. ఈ తరగతిలో అలాంటివి దొరుకుతున్నాయి. ఇదే తయారీదారు అదే ముద్రతో అమ్మే స్ప్రే సీసాను మాత్రం నేను సిఫారసు చేయను. తుంపరగా మారిన ద్రవం ఎంత పలచనిదైనా నేరుగా ఊపిరిలోకి పోతుంది, ఇళ్లలో స్ప్రేల వాడకానికీ ఆస్తమాకూ సంబంధం ఉందని 2007లోనే ఐరోపాలో ఒక పెద్ద అధ్యయనం చూపింది. అద్దాలకు, తలుపుల పిడులకు ద్రవాన్ని గుడ్డ మీద పోసి తుడిస్తే పని అంతే బాగా జరుగుతుంది. క్వాటర్నరీ అమ్మోనియం పదార్థాలున్న క్రిమిసంహారక రకాన్ని ఆసుపత్రి గదులకు, అవసరమని వైద్య సిబ్బంది రాసిచ్చిన చోట్లకు పరిమితం చేయాలి. కార్యాలయ నడవాలకు దాన్ని ఇండెంటులో చేర్చవద్దు.